అడుగు కనబడని డబ్బా

ఆ వేసవిలో మా పిండి డబ్బా తరగలేదు.

దుకాణం నడిపేవాళ్లకు తరుగు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. నూనె తరుగుతుంది, ఉల్లిపాయ తరుగుతుంది, పొయ్యి ముందర నిలబడ్డ మనిషి కూడా తరుగుతాడు. తరగని సరుకును నేను పుట్టి ఎరగను. అందుకే మొదట్లో నా లెక్కే ఎక్కడో తప్పిందనుకున్నాను.

తిరుపతి బస్టాండు వెనక వీధిలో, లాడ్జీలకు ఎదురుగా, మాకొక చిన్న ఫాస్ట్‌ఫుడ్ దుకాణం ఉండేది. కోడి పకోడి, గోబీ మంచూరియా, నూడుల్స్. మా ఆయన హరినాథ్ బాండలి దగ్గర నిలబడేవాడు. సరుకు కొనడం, ధర తేల్చడం, ఏ రైలుకు ఎంత జనం దిగుతారో కనిపెట్టడం నా పని. ముక్కలను పొర్లించే పొడిపిండి మాత్రం మా అత్త రుక్మిణమ్మ చేతిది. కొర్లగుంటలో మేముండే అద్దె ఇంటి వెనక గదిలో, పొద్దున్నే స్నానం చేసి కూర్చుని, పిండీ కారం మసాలా కలిపి పెద్ద రేకు డబ్బాకు ఎత్తేది. సాయంత్రానికి ఆ డబ్బాలోంచి కావలసినంత దుకాణానికి తీసుకుపోయేవాళ్లం.

మా అత్తకు ఒక పట్టింపు ఉంది. తిండిగింజల డబ్బాకు అడుగు కనబడకూడదు. కనబడిందంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీ అవుతారని ఆమె నమ్మకం. పాత పిండి ఇంకా గుప్పెడు ఉండగానే కొత్తది దాని మీద పోయాలి. మా ఇంటి డబ్బాల అడుగులు నా పెళ్లినాటి నుంచి నేను చూడలేదు. ఎవరికి తగ్గినట్టు కనబడితే వాళ్లు నింపేవాళ్లం. అది ఇంట్లో అందరి పని, అందుకే ఎవరి పనీ కాదు.

వీధిని వెడల్పు చేస్తారనీ, వేసవి రద్దీ తగ్గాక మా వరస దుకాణాలన్నీ తీసేస్తారనీ ఆ ఏడాది మొదట్లోనే చెప్పేశారు. అంటే ఆ చోట మాకదే ఆఖరి వేసవి. ఆ నాలుగు నెలల్లో ఏదో ఒక దారి దొరకాలి. దొరక్కపోతే మళ్లీ మా ఊరు నగరికి పోయి ఎవరి మరమగ్గాల షెడ్డులోనో కూలికి నిలబడాలి. ఈ ఊళ్లో మా కాళ్లు నిలవాలన్నదే అప్పుడు నా ఆలోచన మొత్తం.

ఆ దారి తనంతట తానే నడిచొచ్చింది. అలిపిరి వైపూ, తిరుచానూరు రోడ్డులోనూ ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు నడిపే మునిచంద్ర ఒక సాయంత్రం మా దగ్గర ఆగాడు. పకోడి ప్లేటు స్కూటరు సీటు మీద పెట్టి, ఫోనులో చాలాసేపు ఎవరితోనో మాట్లాడి, అది పూర్తిగా చల్లారాక ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ చప్పుడు బాండలి దగ్గరున్న హరినాథ్‌కు కూడా వినబడింది. మునిచంద్ర నమలడం ఆపి, ఇంకో ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు.

"చల్లారినంక గూడా ఇట్ల మోగేది నేను యాడా సూడలేదు మా," అన్నాడు నాతో. "మా దుకాణాల్లో ముక్క ప్లేటులో పడతానే మెత్తబడిపోతాది."

తన దుకాణాలన్నిటికీ ఆ పొడిపిండి మమ్మల్నే సరఫరా చెయ్యమన్నాడు. మే నెలలో గంగజాతర అయిపోగానే మాట్లాడుకుందామన్నాడు. ఒక్కటే అడిగాడు, అందులో ఏమేం పడతాయో తనకు చెప్పాలి, పాకెట్టు మీద అచ్చు వెయ్యాలి కదా అని. చెబుతామన్నాను. బేరం కుదిరేటప్పుడు ఒక మాట ఎక్కువ వేస్తే నష్టం లేదని, మా వంటింట్లో చీమ కూడా కనబడదని అన్నాను. అది మంచి మాట, పెద్ద అక్షరాలతో వేసుకోవచ్చన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే చీమలు లేవు. అంతకుముందు బెల్లం డబ్బా చుట్టూ నీళ్లు పోసి పెట్టుకునేదాన్ని. ఆ వేసవిలో ఆ పళ్లెంలో నీళ్లు ఎండిపోయినా చీమల బారు రాలేదు. రాత్రిపూట గట్టు కింద తిరిగే బొద్దింకలు పోయాయి. తినడానికి ఏమీ దొరక్కనో ఏమో, ట్యూబులైటు వెనక ఉండే బల్లి కూడా కనబడడం మానేసింది. దాని కిచకిచ అపశకునమని ఉలిక్కిపడి వేలు నేలకు తాకించే మా అత్త, ఇల్లు ఎంత నిమ్మళంగా ఉందోనని సంతోషపడింది.

నేనూ సంతోషపడ్డాను. కానీ నాకొక రోగముంది. సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అనేది నా తలలో దానంతటదే నడుస్తూ ఉంటుంది. గోడవారగా నేను పేర్చిన మొక్కజొన్న పిండి మూటలు కుట్టు విప్పకుండా నిలబడి ఉన్నాయి. దుకాణంలో అమ్మకం అంతకంతకూ పెరుగుతోంది. పొద్దున్నే మూత తీస్తే డబ్బా అంచుదాకా నిండుగా ఉంటోంది. అంటే నేను కొనని పిండి మా ఇంట్లో ఖర్చవుతోంది.

హరినాథ్‌ను అడిగితే, ఏడుకొండలవాడికి ఇన్నాళ్లకు మన చిరునామా దొరికిందని నవ్వాడు. అమ్మ చేతి చలవ అన్నాడు. అత్తనే అడిగాను.

"డబ్బా నిండుగా ఉంటే నీకేం నొప్పి మే," అంది ఆమె, తల ఎత్తకుండా పిండి కలుపుతూనే.

అప్పుడు ఆమె చేతులు చూశాను. వేళ్ల సందుల్లో చర్మం ఎండి, తెల్లగా పొట్టు లేస్తోంది. వేసవి గదా అనుకున్నాను. వచ్చే లాభానికి కులగోత్రాలు అడిగే అలవాటు మా వ్యాపారంలో లేదు. మళ్లీ అడగలేదు.

మా కూతురు కోమలి నాలుగో తరగతి. సెలవులు కాబట్టి సాయంత్రాలు దుకాణంలోనే ఉండేది. ఒకరోజు అది నన్ను పిలిచి ఇంట్లో కిటికీ గట్టు మీద పెట్టిన పకోడి ముక్క చూపించింది. పోయిన వారం పెట్టి మరిచిపోయిందట. ముక్క రంగు మారలేదు, వాసన లేదు. అన్నిటికంటే ముందు కాకి ఎత్తుకుపోవలసిన చోట అది అలాగే కూర్చుని ఉంది. కోమలి దాన్ని గట్టుకేసి కొట్టింది. టకామని మోగింది. మళ్లీ కొట్టి, నా ముఖంలోకి చూసి నవ్వింది. పారెయ్యమని అరిచాను. అది కిందికి విసిరిన ముక్కను వీధి కుక్క వాసన చూసి, వెనక్కు రెండడుగులు వేసి, చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

దుకాణం దగ్గర అంతకుముందు ఎప్పుడూ గోలే. ముందు నాకు, నాకు అని జనం, ఉల్లిపాయ వెయ్యలేదనీ నిమ్మకాయ పిండలేదనీ తగాదాలు, ఇంట్లో మీ ఆయనకు ఇట్లనే పెడతావా అక్కా అని నా మీద ఎకసెక్కాలు. ఆ వేసవిలో జనం రెట్టింపయ్యారు, మాటలు తగ్గాయి. ప్లేటు చేతికి అందాక ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. వీధంతా ఒకటే చప్పుడు, ఎండుటాకుల మీద ఎవరో ఆగకుండా నడుస్తున్నట్టు. బస్సు దిగిన యాత్రికులు మూటలు కాళ్ల మధ్య పెట్టుకుని, ఎటో చూస్తూ నమిలేవాళ్లు. తినేసి, ఖాళీ ప్లేటు ముందుకు చాపేవాళ్లు. గిరాకీ పెరగాలని కోరుకునే మనిషిని నేను. అయినా ఆ చాపిన చేతుల వరస చూస్తే, ఎందుకో ఒక్కోసారి చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని.

మే నెలలో గంగజాతర చాటింపు వేశారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. మేము నగరి నుంచి వచ్చినవాళ్లమే. కానీ గంగమ్మ నీడన బతుకుతూ ఆమె మాట వినకపోతే ఎట్లా అని, ఆ నియమాన్ని మా ఇంట్లో పెట్టింది మా అత్తే. ఒక ఏడాది సొంత చెల్లెలి మనవరాలి పెళ్లికి కూడా పోలేదు.

బైరాగి వేషం రోజున ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుని, మెడలో పూలదండలు వేసుకుని జనం వీధుల్లోకి వచ్చారు. జాతర వేషంలో ఉన్నవాడు ఎవరినైనా తిట్టవచ్చు, ఆ తిట్టు తగిలితే అమ్మ దీవెన తగిలినట్టే. మా వీధిలో పూలు కట్టే ఒకాయన ఏటా ఆ వేషంలో వచ్చి మా ఆయన్నీ, చచ్చిపోయిన మా మామ కోదండాన్నీ, వాళ్ల తాతముత్తాతలనూ వరసబెట్టి తిట్టిపోసేవాడు. జనం విరగబడి నవ్వేవాళ్లు. హరినాథ్ దాని కోసం ఎదురుచూసేవాడు.

ఆ ఏడు ఆయన వచ్చి ప్లేటు తీసుకున్నాడు. తిన్నాడు. వెనకాల ఇంకొందరు వేషగాళ్లు వచ్చి వరసగా నిలబడ్డారు. సుద్ద పూసిన ముఖాల్లో దవడలొక్కటే కదులుతున్నాయి. దవడ కదిలినప్పుడల్లా ఆరిన సుద్ద పగిలి ప్లేట్లలో రాలుతోంది. దులుపుకోకుండా తింటున్నారు.

"ఏమబ్బా, ఈ తూరి మా నాయన్ని మరిచిపోయినావే," అన్నాడు హరినాథ్.

ఆయన కళ్లెత్తి చూశాడు. ఏం చెయ్యడానికి వచ్చాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు చూశాడు. తర్వాత ప్లేటు ముందుకు చాపాడు.

జాతర రద్దీకి డబ్బా ఆ రోజు బాగా తగ్గింది. మరునాడు పొద్దున నేను చూసినప్పుడు చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. అడుగు తగలబోతుండగా భయమేసి చెయ్యి తీసేశాను. అత్త ఇంట్లో లేదు. ఎప్పటిలాగే గుడికి పోయిందని కోమలి చెప్పింది. మధ్యాహ్నం నేను మార్కెట్టు నుంచి వస్తూ బస్టాండు ముందు నగరి బస్సు ఆగడం చూశాను. అందులోంచి మా అత్త దిగింది. చంకన బరువైన గుడ్డసంచీ. ఎండలో కొంగు తల మీదికి లాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి, ఇంటి దారి పట్టింది. చాటింపు పడ్డ ఊరి పొలిమేరను ఆమె రెండుసార్లు దాటింది, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

నేను సోడాబండి చాటుకు తప్పుకున్నాను. అత్తకు భయపడి కోడళ్లు దాక్కోవడం మామూలే గానీ, అత్త దొరికిపోతుందని కోడలు దాక్కోవడం నాకదే మొదలు. సాయంత్రానికి డబ్బా అంచుదాకా నిండింది.

లెక్క తేలకపోతే నాకు అన్నం దిగదు. మరునాడు నేను నగరి బస్సు ఎక్కాను. పొలిమేర దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాను.

మా మామ కోదండం బతికున్నప్పుడు నగరిలో మరమగ్గాలకు గంజిపొడి అమ్మేవాడు. నేసేముందు పడుగు నూలుకు గంజి పట్టిస్తే దారం గట్టిపడుతుంది, తెగదు. వ్యాపారం దెబ్బతిన్నాక అమ్ముడుపోని మూటలు గోడౌనులో అలాగే ఉండిపోయాయి. ఆయన పోయాక ఆ గోడౌను తాళం చెవి అత్త నడుముకే ఉండేది. పనికిరాని మూటలకు ఒక గది ఎందుకు, ఎవరికైనా బాడుగకు ఇద్దామని నేను అన్నప్పుడల్లా ఆమె అక్కడినుంచి లేచి వెళ్లిపోయేది. పక్కనే నూలుకు గంజి పట్టించే మిల్లు చిన్నబ్బది, మా మామకు పాత స్నేహితుడు. రెండో తాళం చెవి ఆయన దగ్గరుంది. ఆయనే తలుపు తీశాడు.

పాత గోడౌను అంటే ఎలుకల కంపు, బూజు, గబ్బిలాల రెట్ట. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. లోపల ఏ వాసనా లేదు. మూలల్లో బూజు లేదు. మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి, ఏ మూటకూ ఎలుక కొరికిన చిల్లు లేదు. ముందు వరసలో మూటలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఒక మూట మూల కోసి, కొబ్బరిచిప్ప గుచ్చి ఉంది. నేలంతా మెత్తని తెల్లటి దుమ్ము. అందులో మా అత్త పాదాలు, లోపలికి వచ్చినవి, బయటికి పోయినవి, ఒకదాని మీద ఒకటి. ఆ పాదాలు తప్ప ఎలుకది గానీ పిల్లిది గానీ బొద్దింకది గానీ, ఏ జీవి నడిచిన గీతా లేదు.

"రెండు దినాలకొకతూరి వస్తా ఉండాది మీ అత్త," అన్నాడు చిన్నబ్బ గడప అవతల నుంచే. "తిరపతిలో మగ్గం పెట్టినారేమో అనుకుంటి."

"ఎలుకలు ల్యావే మామా ఈడ," అన్నాను.

"ఎట్లుంటాయి? గంజంటే తిండే గదా మే. ఉత్త గంజి పెడితే బీముకు చుట్టిన నూలును చుట్టినట్టే ఎలుకలు, బొద్దింకలు కొరికేస్తాయి. అందుకని మందు కలుపుతాం. మీ మామ తెలివైనోడు, ముందే కలిపి మూటలు కట్టి అమ్మినాడు."

"ఏం మందు?"

"అది ఆయనకే తెలియాల. మదరాసు నుంచి తెప్పించేటోడు. మేమైతే మూతికి గుడ్డ కట్టుకోనిదే మూట విప్పం." నా వైపు వంగి చూశాడు. "ఎందుకు మే? మగ్గమే గదా పెట్టింది?"

"మగ్గమే," అన్నాను.

చెప్పుల కింద దుమ్ము కిర్రుమంది. నా అడుగులు కూడా ఆ తెల్లదనంలో పడ్డాయి. తిరిగి బస్సు ఎక్కేముందు కొళాయి కింద కాళ్లు ఎన్నిసార్లు కడుక్కున్నానో.

తిరుపతి చేరేసరికి పొద్దు వాలుతోంది. దుకాణం ముందు జనం వీధి మలుపు దాకా ఉన్నారు. హరినాథ్ చొక్కా తడిసి ముద్దయింది. కోమలి స్టూలు మీద కూర్చుని, గోడకేసి చూస్తూ నములుతోంది. నేను దాని చేతిలోని ప్లేటు లాక్కున్నాను. పొయ్యి కిందికి వంగి గ్యాసు కట్టేశాను. గ్యాసు అయిపోయింది, ఈ రోజుకు లేదని జనానికి చెప్పాను.

ఎవరూ పోట్లాడలేదు. ఎవరూ కదలలేదు కూడా. బాండలిలో నూనె చల్లారింది, హరినాథ్ బల్ల తుడిచాడు, నేను షట్టరు సగం దించాను. షట్టరు కింద వాళ్ల కాళ్లు కనబడుతూనే ఉన్నాయి. కోమలి నా కొంగు పట్టుకుని, వాళ్లు ఎందుకు పోవడం లేదని మెల్లగా అడిగింది. వీధి దీపాలు వెలిగాక ఒక్కొక్క జత వెనక్కు జరిగింది.

ఇంటికి వచ్చి అత్త ముందు కూర్చున్నాను. తిట్టాలనే వచ్చాను. చిన్నబ్బ చెప్పింది చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. కొట్టిపారేసినట్టు చెయ్యి ఊపింది.

"గంజే గదా మే. కర్రపెండలం గంజి. నా చిన్నప్పుడు మా ఇంట్లో పడుగుకు కాచిన గంజిలో మిగిలిందాన్లో ఉప్పేసుకొని పిలకాయలమంతా తాగేటోళ్లం. కరువులో అదే మా కూడు."

అది చేతిమగ్గాల కాలమని, ఇంట్లో కాచిన గంజి వేరని, ఇది మందు కలిపిందని మళ్లీ చెప్పాను. మామ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదా అని అడిగాను. మగవాళ్లు కలిపే కొట్టంలోకి ఆడవాళ్లం పోయేవాళ్లం కాదంది. తర్వాత పొట్టు లేచిన తన చేతులు తిప్పి చూసుకుంది.

"మార్చి నెలలో ఒకనాడు డబ్బా అడుగు కనబడింది నాకు. నువ్వు సరుకు తెచ్చేదానికి ఆలీసమైంది," అంది. "ఎవురు పోతారో అని భయపడితిని. మీ మామ మూటలు గుర్తొచ్చినాయి. ఆ మనిషి సంపాదించింది ఒక్కటన్నా ఈ ఇంట్లో పనికొచ్చిందని నువ్వు అంటావేమో అని."

హరినాథ్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. డబ్బా దగ్గరకు పోయి ఎత్తి వంచాడు. పిండి మొత్తం గోనెసంచిలోకి జారింది. పెళ్లయిన ఇన్నేళ్లకు నేను దాని అడుగు చూశాను. తుప్పు లేదు, మరక లేదు, ఎవరో తోమినట్టు మెరుస్తోంది. అత్త ముఖం తిప్పుకుంది.

కోమలిని ఆసుపత్రికి తీసుకుపోయాం, అత్తను కూడా. కడుపులో మందు పడిందని చెప్పాను, ఏం మందంటే చెప్పలేకపోయాను. రక్తం తీసి చూశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఏమీ లేదనా, ఏముందో వాళ్లకు కనబడలేదనా అని అడిగాను. డాక్టరమ్మ బిడ్డను కనిపెట్టుకుని ఉండమంది. మా బిడ్డను కనిపెట్టుకోగలను. ఆ వేసవి మా దగ్గర తిన్నవాళ్లు గుండ్లు చేయించుకుని, లడ్డూలు కట్టించుకుని, ఏ ఊరి రైలు ఎక్కి ఎక్కడికి పోయారో నాకు తెలియదు.

జాతర ముగిసిన వారానికి మునిచంద్ర మాట ప్రకారం ఇంటికే వచ్చాడు. కాఫీ ఇచ్చాను. షట్టరు దించిన రోజు నుంచీ ఈ ఘడియ కోసమే లెక్కలు వేసుకుంటూ ఉన్నాను. చెప్పకపోతే ఈ ఊళ్లో మా కాళ్లు నిలుస్తాయి. మామూలు పిండి కలిపి ఇచ్చి, తేడా వస్తే వాతావరణం మీద నెట్టవచ్చు. అన్నీ ఆలోచించాను. కోమలి లోపలి గదిలో ఏదో నములుతున్న చప్పుడు వినబడింది. పెన్సిలు చెక్క అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ చప్పుడుకు నా నోరు దానంతటదే తెరుచుకుంది. పిండిలో ఏముందో ఆయనకు మొత్తం చెప్పాను. మగ్గం సంగతి, మందు సంగతి, అత్త సంగతి కూడా.

మునిచంద్ర కాఫీ లోటా కింద పెట్టాడు. ముఖంలో అసహ్యమో భయమో కనబడుతుందని చూశాను. బజార్లో వస్తువు నచ్చినవాళ్ల ముఖం నాకు బాగా తెలుసు. అదే కనబడింది.

"ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా మా?" అన్నాడు.

"మాకు తెలిసి లేదు."

"అయితే?"

జవాబు కోసం ఆగాడు. 

"ఎన్ని మూటలు ఉండాయి ఇంకా?" అన్నాడు, ఇంకా మెల్లగా.

లేవని చెప్పాను. ఆయన నమ్మలేదు. పోతూ పోతూ మా అత్తకు వంగి దండం పెట్టాడు. చల్లని చెయ్యి అవ్వా నీది అన్నాడు. అత్త తన చేతులు కొంగు కిందికి తీసుకుంది.

మరునాడే హరినాథ్, నేను నగరికి పోయాం. మూటలన్నీ చిన్నబ్బ మిల్లుకు వదిలేస్తామని, మారుగా ఏమీ వద్దని, ఒకే ఒక షరతు పెట్టాం. మా కళ్ల ముందు అవి గంజితొట్టిలో పడాలి. చిన్నబ్బ ఎందుకని అడగలేదు. మూతులకు గుడ్డలు కట్టుకున్న కూలీలు ఒక్కో మూటా విప్పి తొట్టిలో గుమ్మరిస్తుంటే, ఆఖరి మూట ఉడికి నూలుకు పట్టేదాకా మేము ఆ ఊళ్లోనే ఉన్నాం. చివరి రోజు చిన్నబ్బ మాకు భోజనం పెట్టి, తిరుపతి నుంచి ఎవరో ఒకాయన వచ్చి ఇట్లాంటి పొడి యాడ దొరుకుతాదని అడిగిపోయాడని చెప్పాడు.

"ఎన్ని మగ్గాలప్పా మీకు అంటే నగినాడు," అన్నాడు.

మా మామ మూటలు అయిపోయాయి. కానీ అట్లాంటి పొడి అమ్మిన మనిషి లోకంలో మా మామ ఒక్కడే కాదు.

జూన్‌లో మా వరస దుకాణాలు తీసేశారు. బాండలి, పొయ్యి ఇంటికి మోసుకొచ్చి, కొర్లగుంటలో మా వాకిలి ముందే చిన్న బల్ల వేశాం. కొత్త దుకాణదారు దగ్గర కొత్త మూటలు కొన్నాను. ముక్క ప్లేటులో పడ్డ కాసేపటికే మెత్తబడేది. పాత గిరాకీలు వెతుక్కుంటూ వచ్చి, ఒక ముక్క కొరికి, మిగతాది వదిలేసి పోయేవాళ్లు. ముందటిది ఏమైందని అడిగేవాళ్లు. అలిపిరి దగ్గర బాగా దొరుకుతోందని కొందరు చెప్పారు.  ఒకరిద్దరికి అక్కడ తినొద్దని చెప్పి చూశాను. గిరాకీ పోయి ఏడుస్తున్నాననుకున్నారు.

మా అత్త ఆ తర్వాత పిండి ముట్టుకోలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఒక సాయంత్రం తనంతట తానే లేచి, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చింది. అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. హరినాథ్ మొదటి వాయి తీసి ప్లేటులో పెడుతున్నాడు.

"ముందు నాకు పెట్టు," అంది.

ఆమెకు పళ్లు సరిగా లేవు. ఒక్కో ముక్కను చీల్చి, మెల్లగా, పూర్తిగా నమిలి మింగింది. ప్లేటు ఖాళీ చేసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఎవరికీ పెట్టవద్దని చెయ్యి అడ్డం పెట్టింది. నూనె కాగుతూ ఉంది. జనం ఏమిటని అడిగారు, హరినాథ్ మంట తగ్గించాడు. చాలాసేపటికి కళ్లు తెరిచి, ఇప్పుడు పెట్టండి అన్నట్టు తల ఊపింది.

అప్పటి నుంచి రోజూ ఇదే. అవ్వ తిన్నాకే అమ్ముతారని వీధిలో పాకింది. అదేదో మొక్కు అని, అవ్వకు అమ్మ పలుకుతుందని కూడా అంటున్నారు. దాని కోసమే వచ్చేవాళ్లు కొందరున్నారు. ఆమె నములుతున్నంతసేపూ ఒక్కరూ మాట్లాడరు.

నేను ఇప్పుడు కొనే మూటల మీద కంపెనీ పేరుంది, బొమ్మ ఉంది, లోపల ఏముందో చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది. అది ఎవరు కలిపారో, వాళ్ల ఇంట్లో ఎవరు తిన్నారో నేను చూడలేదు. అత్త గొంతు కదులుతుంది, మింగుతుంది. నేను డబ్బా మూత పట్టుకుని ఆమె ముఖం చూస్తూ నిలబడతాను. నా వెనక జనం కూడా చూస్తూ ఉంటారు.